రెండో చుక్క

ఉప్పలయ్య ఎవరినీ నమ్మే మనిషి కాదు. ఇస్త్రీకి ఇచ్చిన చొక్కా ఇంటికి రాగానే ముందు వాసన చూస్తాడు, మధ్యలో ఎవడైనా తొడుక్కుని పెళ్లికి పోయి వచ్చాడేమోనని. లారీ డీజిల్ ట్యాంకు మూతకు దారం చుట్టి ముడేస్తాడు. ఆ ముడి ఎట్లా వేస్తాడో భార్య చిలుకమ్మకు కూడా చెప్పడు. బ్యాటరీ అడుగున, స్టెప్నీ టైరు లోపలి వైపున, జాకీ పిడి మీద అతని గుర్తులుంటాయి. రిపేరుకు వచ్చిన బండిలోంచి మంచి సామాను ఊడదీసి అరిగిపోయింది తగిలించే మెకానిక్కులు ఊళ్లో లేకపోలేదు గనక, లారీలున్నవాళ్లంతా అప్పట్లో ఏవో గుర్తులు పెట్టుకునేవాళ్లే. కాకపోతే మిగతావాళ్లకు అది జాగ్రత్త. ఉప్పలయ్యకు మాత్రం అది నిత్యపూజ.

అంతటివాడూ ఏ గుర్తూ పెట్టకుండా బండి అప్పగించేది ఒక్క మనిషికే. వరంగల్‌లో ములుగు రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకుని లారీ ఇంజన్లు బాగుచేసే జ్ఞానప్రకాశానికి.

తండ్రి పోయి, చేతిలో పని లేక తిరుగుతున్న రోజుల్లో ఉప్పలయ్యను చేరదీసింది ప్రకాశమే. పానా పట్టుకోవడం నేర్పాడు, స్టీరింగు పట్టుకోవడం నేర్పాడు, కోపం వస్తే చెవి మెలేశాడు. ప్రకాశం భార్య సుశీల తమ పిల్లలతోపాటు అతనికీ కంచం పెట్టింది. ఉప్పలయ్య సొంత లారీ కొనుక్కున్న నాడు ప్రకాశం దాని బానెట్టు మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ఏదో ప్రార్థన చేశాడు. చిలుకమ్మ అదే బానెట్టు మీద పసుపు పూసి కొబ్బరికాయ కొట్టింది. ప్రకాశానికి అతను 'తమ్మీ'. పుట్టినప్పటి నుంచీ ఎవరినీ నమ్మనివాడికి నమ్మదగ్గ అన్న ఒకడు దొరకడం చిన్న సంగతి కాదు. ఆ సంగతి ఉప్పలయ్యకూ తెలుసు.

అది ఎనభయ్యో దశకం మొదలు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిరపకాయ పోటెత్తుతున్న కాలం. ఉప్పలయ్య మంగపేట, ఏటూరునాగారం వైపు నుంచి మిరప బస్తాలు తోలేవాడు. యార్డులో పొద్దున జెండా పాట జరుగుతుంది. ఆ రోజు ధర తేలేది ఆ పాటలోనే. పాట మొదలయ్యేలోపు సరుకు యార్డులో దించితేనే రైతుకు మేలు. అందుకని దారిలో తాడ్వాయి గుట్టల చడావును ఏ లారీ ఆగకుండా ఎక్కుతుందో రైతులు ఆ లారీనే వెతుక్కునేవాళ్లు. కొంతకాలం ఆ లారీ ఉప్పలయ్యదే. తర్వాత ఉన్నట్టుండి అదే దారిన లారీ తోలే వెంకట్రాజందయింది.

వెంకట్రాజం బండీ ఆ కంపెనీదే, ఆ వయసుదే. అయినా నిండు లోడుతో చడావు మీద ఉప్పలయ్యను దాటేసి, దాటేటప్పుడు హారన్ కూడా కొట్టి పోతున్నాడు. హారన్ కొట్టకపోయినా ఉప్పలయ్యకు నిద్ర పట్టేది కాదు, కొట్టేసరికి తిండి కూడా సయించలేదు. విచారిస్తే తెలిసింది, దాని ఇంజను విప్పింది ప్రకాశమేనని.

"అన్నా, వెంకట్రాజం బండికి ఏం జేసినవే?" షెడ్డుకు పోయి అడిగాడు.

"పెద్దగేం జెయ్యలే తమ్మీ," అన్నాడు ప్రకాశం, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. "అది దమ్ము పీల్చే గడియ జర ముందుకు జరిపిన."

ఇంజను ముందు మూత వెనకాల రెండు గేర్లు పళ్లు కరుచుకుని తిరుగుతుంటాయి. కింది గేరు తిరిగితే పైగేరు తిరుగుతుంది. పైగేరు తిరిగితే గాలి వాల్వులు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. రెంటి మీదా కంపెనీవాళ్లు ఒక్కొక్క చుక్క కొట్టి పంపుతారు. ఆ రెండు చుక్కలు ఎదురెదురుగా కూర్చుంటేనే వాల్వులు వేళకు తెరుచుకుంటాయి. ప్రకాశం చేసేదల్లా పైగేరును ఇరుసు మీద జారకుండా పట్టి ఉంచే చిన్న ఇనుప కీని తీసేసి, దాని స్థానంలో తను ఆకురాయితో రాకి చేసిన వంకర కీని పెట్టడం. దాంతో వాల్వు వెంట్రుకవాసి ముందుగా తెరుచుకుంటుంది. ఇంజను నిండుగా ఊపిరి పీలుస్తుంది, బండి నిండుగా లాగుతుంది.

"మరి ముందుగాల నా బండికెందుకు జెయ్యలే?"

"నువ్వడగలే. వాడడిగిండు." ప్రకాశం నవ్వాడు. "తీస్కరా. నీదీ జేద్దాం."

ఆ మాటకు ఇంకెవరైనా సంతోషించి ఇంటికి పోతారు. ఉప్పలయ్య దారి పొడవునా 'నువ్వడగలే' అన్న మాటను తిప్పి తిప్పి చూసుకున్నాడు. అడగకుండానే అన్నం పెట్టిన మనిషి, ఈ ఒక్క దానికి అడగాలంటాడేం? వెంకట్రాజం అడిగాడా, లేక ఇంకేమైనా ముట్టజెప్పాడా? అనుమానం మొదటిసారి ప్రకాశం గడప తొక్కింది అప్పుడే.

అనుకున్న రోజున బండి షెడ్డులో పెట్టాడు. ప్రకాశం మూత విప్పి, పైగేరు ఊడదీసి, కిరసనాయిలుతో కడిగి బల్ల మీద పెట్టాడు. సరిగ్గా ఆ బల్లకు పైన, గోడ మేకుకు ఇంకో గేరు వేలాడుతోంది. అదే కొలత, అన్నే పళ్లు, కాకపోతే అరిగిపోయింది.

"గదెవరిది అన్నా?"

"వెంకట్రాజంది. కొత్తది ఎక్కిచ్చినంక పాతది ఈడనే ఇడిసిపెట్టి పోయిండు." ప్రకాశం మామూలుగా చెప్పి, కీ వెతుక్కుంటూ అన్నాడు, "తమ్మీ, నువ్వు జర బయట కూసో. దీన్ని కూసోబెట్టేటప్పుడు పక్కన మనిషి అలికిడుంటే నాకు చెయ్యి కుదరది."

ఆ మాట ప్రకాశం అందరికీ చెప్పేదే. అట్లాంటి నాజూకు పనులకు అందరినీ బయటికి పంపి తలుపు దగ్గరికేసుకుంటాడు. ఉప్పలయ్య చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. కానీ ఆ రోజు మేకు మీది గేరు చూశాక, తలుపు దగ్గరికేసుకోవడం వేరే రకంగా తోచింది. తన గేరు మేకు ఎక్కి, మేకు మీది గేరు తన బండి ఎక్కితే తనకేం తెలుస్తుంది?

అంతలో షెడ్డు వెనక ఇంట్లోంచి సుశీల భోజనానికి పిలిచింది. ప్రకాశం చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. ఉప్పలయ్య లేచాడు. బల్ల మీద ఇనుముకు చుక్క కొట్టే పంచు ఉంది, సుత్తె ఉంది, గేరు ఉంది. ఇన్నేళ్లలో ఆ షెడ్డులో అతను చెయ్యని పని అది. అయినా గేరు మీద చుక్క కొట్టాడు.

గుర్తు ఎక్కడ పెట్టాలో కూడా అతను తెలివిగానే ఆలోచించాడు. ఎక్కడో మూల పెడితే ప్రకాశం కంట్లో పడుతుంది. కంపెనీవాళ్ల చుక్క పక్కనే, ఒక పన్ను అవతల, అదే వరసలో పెడితే ఎవరు పట్టించుకుంటారు? అంతా కంపెనీదే అనుకుంటారు. కొత్త చుక్క తళతళలాడకుండా బొటనవేలితో నల్ల గ్రీజు తీసి ఆ చుట్టుపక్కలంతా గట్టిగా మెత్తాడు. మళ్లీ తన గుర్తు తనకైనా కనిపించాలి కదా అని, దాని మీది గ్రీజును మాత్రం గోటితో గీకాడు. చుక్క చక్కగా కనిపించింది. గేరును ఎట్లా ఉన్నదట్లా పెట్టి, పోయి అన్నం తిన్నాడు. సుశీల ఆ రోజు చింతచిగురు పప్పు చేసింది. రెండోసారి వడ్డించబోతే వద్దన్నాడు.

భోజనమయ్యాక తలుపు దగ్గరికేసుకుని ప్రకాశం గేరు బిగించాడు. చుక్కకు చుక్క ఎదురుగా కూర్చోబెట్టి మూత వేసి ఇంజను స్టార్టు చేశాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నాడు. మొహం అంత బాగా పెట్టలేదు.

"గొంతు జర తేడాగున్నది తమ్మీ. కొత్త కీ గదా, కుదురుకుంటదేమో. ఒక్క లోడు కొట్టి మల్ల తీస్కరా. విప్పి చూస్త."

'మళ్లీ విప్పుతాడట,' అనుకున్నాడు ఉప్పలయ్య. 'మళ్లీ ఎందుకు?'

ఆ లోడు మంగపేట రైతు సాంబయ్యది. తాడ్వాయి చడావు మొదట్లోనే బండి నల్లగా పొగ కక్కింది. సగం ఎక్కేసరికి మొదటి గేరులో కూడా నడవనంటూ మూలిగింది. బస్తాల మీద కూర్చున్న సాంబయ్య తువ్వాలు ముక్కుకు కట్టుకుని దగ్గుతున్నాడు. వెనక నుంచి హారన్ వినిపించింది. వెంకట్రాజం బండి పక్క నుంచి సాఫీగా ఎక్కి పోయింది. ఉప్పలయ్యకు దాని చప్పుడు అచ్చం తన బండి పాత చప్పుడులాగే వినిపించింది.

"నీ బండికేమన్న రోగమా?" అన్నాడు సాంబయ్య పైనుంచి.

"బండికి గాదు," అన్నాడు ఉప్పలయ్య పళ్లు కొరుకుతూ.

యార్డుకు చేరేసరికి జెండా పాట అయిపోయింది. సాంబయ్య మరుసటి లోడుకు వెంకట్రాజం దగ్గరికి పోయాడు. అతన్ని చూసి ఇంకొందరు పోయారు. ప్రకాశం చెప్పినట్టు బండిని షెడ్డుకు తీసుకుపోయి ఉంటే సంగతి అక్కడితో తెగిపోయేది. ఉప్పలయ్య పోలేదు. షెడ్డుకు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో, బయటికి కనబడని బెంచీ చూసుకుని, ఏ పనీ లేనట్టు కూర్చోవడం మొదలుపెట్టాడు.

వెతికేవాడికి ఏదో ఒకటి కనబడుతుంది. ఒకనాడు వెంకట్రాజం షెడ్డులోంచి గోనెసంచిలో గుండ్రటి వస్తువేదో చుట్టుకుని బయటికొచ్చాడు. ప్రకాశం అతని భుజం తట్టి సాగనంపాడు. ఆ తట్టడం ఉప్పలయ్య గుండెల్లో దిగబడింది. తన భుజం మీద పడే చెయ్యి అది.

"గేరు ఇచ్చి పంపిండు. నా కండ్లతోని చూసిన," అన్నాడు ఇంటికొచ్చి.

చిలుకమ్మ బియ్యం ఏరుతోంది. "గేరు చూసినవా, సంచి చూసినవా?"

"సంచిల గేరుంటది గాక ఏముంటది?"

"పోయి అడుగరాదు? ఆయన నీకేమన్న పరాయోడా?"

"అడిగితే చెప్తడా?"

"అడగకుంటనైతే ఎట్లాగూ చెప్పడు," అంది చిలుకమ్మ, చేటలోంచి తలెత్తకుండానే. "పెండ్లయిన కొత్తల నా పెట్టె తాళం గూడ దాసిపెట్టినోనివి. ఒక్క ప్రకాశమన్న మాటొచ్చినప్పుడే నువ్వు మనిషి లెక్క మాట్లాడేటోనివి. గది గూడ పోగొట్టుకుంటవ్, చూడు."

ఆమె మాట అతనికి గుచ్చుకుంది. అయినా వినలేదు. ఈలోగా ప్రకాశం ఒక డ్రైవరుతో కబురు పంపాడు, బండి తీసుకురమ్మని. ఇంకో డ్రైవరుతో మళ్లీ పంపాడు. ఉప్పలయ్య లెక్కలో అది కూడా నేరానికి రుజువే. దొరికిపోకముందే తన గేరు తెచ్చి మళ్లీ పెట్టేయాలని ప్రకాశం తొందర, అంతే. అట్లా పెట్టనివ్వకూడదు. పదిమందిలో విప్పించాలి.

అందుకు ఆదివారాన్ని ఎంచుకున్నాడు. ఆదివారం ప్రకాశం పానా ముట్టడు. ఎంత పెద్ద షావుకారు వచ్చినా, ఎంత తొందర పనైనా ముట్టడు. ఆ సంగతి ములుగు రోడ్డంతా తెలుసు. చర్చి నుంచి తెల్ల చొక్కా, తెల్ల ధోవతితో సుశీలతో కలిసి నడిచి వస్తుంటే, ఉప్పలయ్య లారీ షెడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. చాయ్ హోటల్లోని డ్రైవర్లు అప్పటికే బయటికొచ్చారు. వాళ్లలో వెంకట్రాజం కూడా ఉన్నాడు.

"అచ్చినవా తమ్మీ," అన్నాడు ప్రకాశం సంతోషంగా. "కబురు మీద కబురు పంపితి. రేపు పొద్దుగాల్నే..."

"రేపు గాదు. ఇప్పుడే విప్పు. అందరి ముంగట విప్పు."

"ఏమైందిరా?"

"నా గేరు తీసి వెంకట్రాజానికిచ్చినవ్. నాకు మేకు మీదిది తగిలిచ్చినవ్."

వెంకట్రాజమే ముందు తేరుకున్నాడు. "ఏం మాట్లాడుతానవ్‌రా? నాకెప్పుడిచ్చిండు?"

"గోనెసంచిల పట్టుకపోలేదా?"

"అది మా అవ్వ బాయి గిరక. ఇరుసు పట్టేస్తే సాపు జేపిచ్చుకపోయిన. రా, వచ్చి చేదుకో, తెలుస్తది."

డ్రైవర్లు నవ్వారు. ఉప్పలయ్య చెవులు వేడెక్కాయి. గిరక అయితే కావచ్చు, అయినా బండి ఎందుకు లాగడం లేదు? వెనక్కి తగ్గితే జన్మంతా నవ్వుతారు. గొంతు పెంచాడు.

"నేను పిచ్చోణ్ణనుకుంటున్నరా? ఆనాడు అన్నానికి లేచినప్పుడే నా గేరు మీద పంచుతోని చుక్క కొట్టిన. ఎవ్వనికీ చెప్పలే. ఇప్పుడు విప్పితే ఆ చుక్క ఉండాలె. లేకుంటే ఈ మనిషి దొంగ."

ప్రకాశం తెల్ల చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు.

"సుశీలా, పానాలు తీస్కరా."

"ఇయ్యాల ఆదివారం," అంది సుశీల.

"ఎరికే. తీస్కరా."

రేడియేటరు దించి, ముందు మూత విప్పేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. చొక్కా మీద నల్లటి మరకలు పడ్డాయి. ప్రకాశం ఇంజనును చేత్తో మెల్లగా తిప్పించి, రెండు గేర్ల గుర్తులు ఎదురెదురుగా రాగానే ఆపమన్నాడు. పక్కకు జరిగి దారిచ్చాడు.

"చూసుకో. ఉన్నదా నీ చుక్క?"

ఉప్పలయ్య వంగి చూశాడు. ఉంది. తను గోటితో గీకిన చుక్క, తను కొట్టిన చోటే, కింది గేరు చుక్కకు సరిగ్గా ఎదురుగా ఉంది.

"ఉన్నది," అన్నాడు.

"నీ గేరేనా?"

"నాదే."

డ్రైవర్లు గుసగుసలాడారు. వెంకట్రాజం "ఇంకేంది, ఒడిసింది గదా," అని వెనక్కి తిరగబోయాడు. ప్రకాశం మాత్రం కదల్లేదు. ఆ చుక్క వైపే చూస్తున్నాడు. గుడ్డకు కాస్త కిరసనాయిలు అద్దుకుని ఆ పక్క పన్ను దగ్గర రుద్దాడు. గట్టిపడిన గ్రీజు ఊడి వచ్చింది. దాని కింద ఇంకో చుక్క బయటపడింది. పాతది, కంపెనీది.

"నీ చుక్క ఏది? ఇదా, అదా?" అని అడిగాడు.

ఉప్పలయ్య వేలు పెట్టి చూపించాడు. చూపిస్తుండగానే అతనికి అర్థమైంది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా లారీల మీదే బతికేవాళ్లు గనక వాళ్లకూ అర్థమైంది. ప్రకాశం ఏ చుక్కను చూసి గేరు కూర్చోబెట్టాడో, ఒక పన్ను ఎందుకు తప్పిందో, తాడ్వాయి చడావు మీద ఆ పొగ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేకపోయింది.

"మొదటి నాడే అన్నడు గదా గొంతు తేడాగున్నదని," అంది సుశీల, ఎవరితోనో అన్నట్టు. "ఒక్క లోడు కొట్టి తీస్కరమ్మన్నడు గదా."

ఉప్పలయ్యకు అక్కడే ఆ లారీ కింద దూరి పడుకోవాలనిపించింది. సిగ్గు అంటే ఏమిటో అంతకుముందు అతనికి తెలియదు. ఎదుటివాడు చెయ్యబోయే మోసం తప్ప తను చేసేదాన్ని ఏనాడూ చూసుకున్న మనిషి కాదు. "అన్నా," అన్నాడు.

ప్రకాశం వినిపించుకోనట్టే గేరు ఊడదీశాడు. కంపెనీ చుక్కకు ఎదురుగా కూర్చోబెట్టాడు. ఎవరినీ బయటికి పొమ్మనలేదు, తలుపు వేసుకోలేదు, అంతమంది మాట్లాడుతున్నా చెయ్యి తప్పలేదు. మూత వేసి రేడియేటరు ఎక్కించి స్టార్టు చేశాడు. ఈసారి స్క్రూడ్రైవరు చెవికి పెట్టి వినాల్సిన పని లేకపోయింది. ఇంజను గొంతు రోడ్డు అవతలి దాకా నిండుగా వినిపించింది.

"బండి కుదిరింది," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "పోయి రాండ్రి, ఉప్పలయ్యగారూ."

ఆ 'గారూ' వినగానే చాయ్ హోటలు దగ్గరి నవ్వులు కూడా ఆగిపోయాయి.

బండి నిజంగానే కుదిరింది. తాడ్వాయి చడావును నిండు మిరప లోడుతో అది ఎక్కిన తీరు చూసి ఉప్పలయ్యకే నమ్మకం కలగలేదు. వెంకట్రాజాన్ని దాటేశాడు; దాటేటప్పుడు హారన్ మీద చెయ్యి పడలేదు. సాంబయ్య తిరిగి వచ్చాడు, మిగతా రైతులూ వచ్చారు. జెండా పాటకు ముందే యార్డులో బస్తాలు దిగుతున్నాయి. కావాలనుకున్నదంతా చేతికొచ్చింది. ఒక్కొక్కప్పుడు ఖాళీ బండితో వస్తూ, ఎవరూ లేని చోట ఆపి, స్టీరింగు మీద తల ఆనించి కాసేపు కూర్చునేవాడు.

ఇంజనులో వాల్వులను నెట్టే టాపెట్లు సరిచేయించే వేళ వచ్చింది. వేరే షెడ్డుకు పోదామనుకుని, మనసొప్పక, ప్రకాశం షెడ్డుకే పోయాడు. వెళ్లగొడతాడేమో, తిడతాడేమో, చెవి మెలేస్తాడేమో అనుకున్నాడు. మెలేస్తే బాగుండునని దారి పొడవునా కోరుకున్నాడు.

ప్రకాశం వెళ్లగొట్టలేదు. షెడ్డు లోపలికి పోయి, గుడ్డతో దుమ్ము తుడిచి ఒక స్టూలు తెచ్చి ఇంజను పక్కన వేశాడు.

"కూసోండ్రి."

తర్వాత ఒక్కో సామాను ఊడదీస్తూ, కడిగి, తన బల్ల మీద పెట్టుకోకుండా ఉప్పలయ్య చేతికిచ్చాడు. సుత్తె ఇచ్చాడు, పంచు ఇచ్చాడు. మొహంలో కోపం లేదు, వెటకారం అసలే లేదు.

"గుర్తు పెట్టుకోండ్రి. పెట్టుకున్నంకనే ఎక్కిస్త."

"అన్నా, నాకేం గుర్తులొద్దే," అన్నాడు ఉప్పలయ్య. "నేను బయట కూసుంట. అందరి లెక్కనే బయట కూసుంట."

"వద్దండి. మీరు దగ్గరుండి చూసుకోవాలె."

ప్రకాశం ఇంజను వైపు తిరిగి పనిలో పడ్డాడు. ఉప్పలయ్య ఒళ్లో పంచు పెట్టుకుని స్టూలు మీద అట్లాగే కూర్చున్నాడు. ఎదుటి చాయ్ హోటల్లో వెంకట్రాజం, ఇంకో ఇద్దరు డ్రైవర్లు బెంచీ మీద కూర్చుని ఏవో కబుర్లు చెప్పుకుంటున్నారు. వాళ్ల బండ్లు కూడా ఆ షెడ్డులోనే ఉన్నాయి. వాళ్లను మాత్రం ప్రకాశం ఎప్పటిలాగే బయటికి పంపేశాడు.